లోపలి పొద్దు

మా కళాశాల ఆవరణలో ఒక పెద్ద నిద్రగన్నేరు చెట్టు ఉన్నది. పగలంతా గొడుగువలె ఆకులు పరచి విద్యార్థులకు నీడనిస్తుంది. సందె వాలుతున్న వేళకు రెమ్మ తరువాత రెమ్మగా ఆకులు ముడుచుకొని తల వంచుకుంటుంది. పేరులోనే నిద్ర ఉన్న చెట్టు అది. మన పెరళ్ళలోని చింతచెట్టు, అవిసెచెట్టు కూడ ఇంతే. పొద్దుగూకిన తరువాత చెట్టుమీద చెయ్యి వేయరాదని, అది నిద్రపోతున్నదని మన యిండ్లలో పెద్దలు పిల్లలను మందలిస్తూ ఉంటారు. ఆ మందలింపులో భూతదయ ఉన్నది. దానితోపాటు తరతరాల పరిశీలన కూడ ఉన్నది.

ఈ పరిశీలన చేసినవారు మనవారొక్కరే కారు. క్రీస్తు పూర్వము 4వ శతాబ్దిలో అలెగ్జాండరు కొలువులోని ఆండ్రోస్తనీస్ అనే నావికుడు, నేడు బహ్రెయిన్ అని పిలిచే దీవిలో ఒక చెట్టు ఆకులు రాత్రి ముడుచుకొని పగలు విచ్చుకోవడము చూచి వ్రాసిపెట్టినాడు. అది చింతచెట్టేనని పండితులు తలుస్తారు. 1729లో ఫ్రాన్సు దేశపు ఖగోళ శాస్త్రజ్ఞుడు డి మెరాన్ మరొక అడుగు ముందుకు వేసినాడు. తాకితే ముడుచుకునే అత్తిపత్తి వంటి మొక్కను తీసికొనిపోయి, ఎండ సోకని చీకటిలో పెట్టినాడు. సూర్యుడు కనబడకపోయినను ఆ మొక్క పగటివేళకు ఆకులు విప్పినది, రాత్రివేళకు ముడిచినది. ఈ వింతను పారిస్ నగరపు శాస్త్ర పరిషత్తుకు నివేదించినప్పుడు అందులో ఒక మాట చేర్చినారు. మంచము పట్టిన రోగులు అనేకులు పడకమీదనుండియే పగలు రాత్రుల భేదమును గుర్తించగలుగుతారు గదా, ఈ మొక్క గుణము దానికి సంబంధించినదేమో అని.

మొక్కకు, మంచము పట్టిన రోగికి ఉన్న ఆ సంబంధమును శాస్త్రజ్ఞులు తేల్చుకొనడానికి రెండు శతాబ్దాలకు పైగా పట్టినది. అది నా మనసుకు పట్టడానికి మాత్రము ఒక విద్యార్థి కారకుడైనాడు.

నేను చేసిన పొరపాటు

కొన్నేండ్ల క్రిందట మా బి.ఏ. తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. పేరు చెప్పను. పద్యము చదివితే గొంతులో అర్థము పలికేది. ఎవరైన యతి తప్పి చదివితే ముందుగా వాని మొగమే ముడుచుకునేది. అటువంటివాడు రెండవ సంవత్సరములో మొదటి గంట తరగతికి రావడము మానినాడు. వచ్చిన రోజున గోడకు చేరగిలబడి కూర్చునేవాడు. ఒకనాడు సగము పాఠము అయిన తరువాత తలుపు దగ్గర నిలబడినాడు. నేను ఊరుకోక, "ఏమయ్యా, నీవు లేచేదాక సూర్యుణ్ణి ఆగమని చెప్పి పంపేదా?" అన్నాను. తరగతి అంతా నవ్వినది. వాడు నవ్వలేదు. తల వంచుకొని వెనుకకు తిరిగి వెళ్ళిపోయినాడు.

పదిహేను రోజులు కనబడలేదు. తరువాత వాని తండ్రి వచ్చినాడు. పత్తి చేను చేసుకునే మనిషి. చేతులు కట్టుకొని నిలబడి, "అయ్యా, మావాడు సోమరి కాదండీ. రాత్రంతా కన్ను మూతపడదు. కోడి కూసే వేళకు నిద్రపోతాడు. లేచినా అన్నము సయించదు. పుస్తకము తెరచి ఆ పుటవంకే చూస్తూ కూర్చుంటాడు. మొన్న వాళ్ళమ్మతో, నేను లేకపోతే మీకు బరువు తగ్గుతుందిలే అన్నాడటండీ" అన్నాడు. ఆ కడపటి మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు ఆగిపోయినది. ముప్పది ఏండ్లుగా విషాదరసమును పాఠము చెప్పుచున్న నేను, నా ఎదుటి బల్లమీద కూర్చున్న విషాదమును సోమరితనమనుకున్నాను.

ఆ మరునాడే ముగ్గురము కలసి ఒక మానసిక వైద్యుని దగ్గరకు వెళ్ళినాము. ఆయన చాలసేపు మాటలాడించి, ఏయే మందులు వాడుతున్నావని అడిగినాడు. పిల్లవాడు జేబులోనుండి ఒక మాత్రల పట్టీ తీసినాడు. మెలటోనిన్ మాత్రలు. నిద్ర పడుతుందని స్నేహితుడెవరో చెప్పగా మందుల దుకాణములో కొన్నాడట. రాత్రి రెండు గంటలవరకు చూచి, నిద్ర రాకపోతే అప్పుడు వేసుకునేవాడట. వైద్యుడు ఆ పట్టీని తిప్పి చూచి, "బాబూ, ఇది మంచి ఉత్తరమే. కాని నీవు దీనిని అందవలసిన వేళకు అందించడము లేదు" అన్నాడు.

మాత్రను ఉత్తరమనడము నాకు వింతగా తోచినది. నేను వైద్యుడను కాను, భాషాధ్యాపకుడను. అయినను ఆ మాటకు అర్థము తెలిసికొనవలెనని అప్పటినుండి చదువుతూ వచ్చినాను. తెలిసికొన్నదానిని సాటి ఉపాధ్యాయులకు, విద్యార్థులకు చెప్పడము నా ధర్మమనిపించి ఈ వ్యాసము వ్రాస్తున్నాను.

శరీరములోని గడియారము

1962లో మిషెల్ సీఫ్ర్ అనే ఫ్రెంచి యువకుడు ఆల్ప్స్ పర్వతాలలోని ఒక గుహలోనికి గడియారము లేకుండ దిగినాడు. జూలై 16న దిగినవాడు సెప్టెంబరు 14న బయటికి వచ్చినాడు. నీ లెక్కలో ఈ రోజు ఏ తేదీ అని అడిగితే, ఆగస్టు 20 అన్నాడు. మనస్సు వేసిన లెక్క 25 రోజులు తప్పినది. కాని అతడు నిద్రించిన వేళలను, మేలుకొన్న వేళలను పైవారు గుర్తించి చూడగా, అవి ఇంచుమించు 24 గంటల క్రమములోనే నడిచినవి. మనస్సు మరచినను శరీరము మరువలేదు.

ఆ మరువని గడియారము ఎక్కడ ఉన్నదో 1972లో అమెరికాలోని రెండు పరిశోధక బృందాలు విడివిడిగా కనుగొన్నవి. రెండు కండ్లనుండి వచ్చే నాడులు ఒకదానినొకటి దాటే చోటుకు కొంచెము పైన, మెదడు అడుగు భాగములో, ఆవగింజకన్న చిన్నవైన రెండు కణసమూహాలు ఉన్నవి. సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్ అని వాటికి పేరు. రెండింటిలోను కలిపి ఇంచుమించు 20,000 కణాలు మాత్రమే. నిద్ర, ఆకలి, ఒంటి వేడి, హార్మోనుల హెచ్చుతగ్గులు, ఇవన్నియు వాటి తాళము ననుసరించి నడుస్తవి. ఆ గడియారము లోపల పనిచేసే తీరును చిన్న పండ్ల ఈగలలో పరిశీలించి తెలిపినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్ అనే ముగ్గురికి 2017లో నోబెల్ బహుమానము లభించినది. కణములోని ఒక జన్యువు ఒక ప్రోటీనును తయారు చేయిస్తుంది. ఆ ప్రోటీను పేరుకొని పేరుకొని తన్ను పుట్టించిన జన్యువునే ఆపివేస్తుంది. తరువాత అది క్రమముగా నశించగా, జన్యువు మరల పనికి పూనుకుంటుంది. ఈ చక్రము ఒకసారి తిరగడానికి ఇంచుమించు ఒక దినము పడుతుంది.

ఇంచుమించు అన్న మాటను పాఠకులు గుర్తుంచుకోవలెను. హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన చార్లెస్ సైస్లర్ బృందము 1999లో ప్రకటించిన లెక్క ప్రకారము మనిషి గడియారము సగటున 24 గంటల 11 నిమిషాలు నడుస్తుంది. అనగా దిద్దేవాడు లేకపోతే అది రోజురోజుకు కొంచెము కొంచెముగా వెనుకబడుతుంది. దిద్దేవాడు సూర్యుడు. ఉదయపు వెలుగు కంటబడితే గడియారము ముందుకు జరుగుతుంది. రాత్రి పొద్దుపోయిన తరువాత పడే వెలుగు దానిని వెనుకకు నెట్టుతుంది. ఈ పనికోసము కంటిలో ప్రత్యేక కణాలున్నవని 2002 నాటికి తేలినది. అవి బొమ్మలను చూడవు. వెలుగును, అందులోను నీలి వెలుగును పసిగట్టి లోపలి గడియారమునకు కబురు పంపుతవి.

రాత్రి పంపిన కబురు

ఇక మెలటోనిన్ సంగతి. మెదడు నడుమ పీనియల్ అనే చిన్న గ్రంథి ఉన్నది. 17వ శతాబ్దిలో ఫ్రెంచి తత్త్వవేత్త డేకార్ట్ జీవాత్మకు అదే ప్రధాన పీఠమని భావించినాడు. 1917లో ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు ఆవుల పీనియల్ గ్రంథి సారమును కప్పపిల్లలకు పెట్టగా, ఆ తోకకప్పల చర్మము తెల్లబడినది. నలుబది ఏండ్ల తరువాత, 1958లో, యేల్ విశ్వవిద్యాలయములో చర్మవైద్యుడైన ఏరన్ లర్నర్ బొల్లి వంటి చర్మవ్యాధులకు మందు దొరుకునేమోనన్న ఆశతో వేలకు వేలు పశువుల గ్రంథులనుండి ఆ సారములోని అసలు పదార్థమును వేరు చేసినాడు. దానికి మెలటోనిన్ అని పేరు పెట్టినాడు. చర్మానికి మందు దొరకలేదు గాని, రాత్రి పంపే కబురు దొరికినది.

కబురు అనడములో అతిశయోక్తి లేదు. లోపలి గడియారము ఆజ్ఞ యిస్తే పీనియల్ గ్రంథి సిరటోనిన్ అనే పదార్థమునుండి మెలటోనిన్‌ను తయారు చేస్తుంది. మనము అలవాటుగా నిద్రపోయే వేళకు ఇంచుమించు రెండు గంటల ముందు అది రక్తములో పెరగడము మొదలుపెడుతుంది. నడిరేయి దాటిన తరువాత మిక్కిలి హెచ్చుగా ఉంటుంది. తెల్లవారేసరికి తగ్గిపోతుంది. దీనిని చాలమంది నిద్ర హార్మోను అంటారు. అది సగము సత్యమే. ఏలనన రాత్రివేళ మేలుకొని తిరిగే ఎలుకలలోను మెలటోనిన్ రాత్రియే హెచ్చుతుంది. వాటికి అది మేత వెదకుకునే వేళ. కాబట్టి మెలటోనిన్ చెప్పేది నిద్రపొమ్మని కాదు, చీకటి పడినదని. విన్నవాడు తన స్వభావమును బట్టి నిద్రపోతాడు, లేదా వేటకు బయలుదేరుతాడు.

ఆ కబురును మందుగా వాడవచ్చుననడానికి గట్టి సాక్ష్యము చూపు లేనివారినుండి వచ్చినది. కంటికి వెలుగు జాడయే తెలియని కొందరిలో లోపలి గడియారము దిద్దేవాడు లేక రోజురోజుకు జారిపోతుంది. కొన్ని వారాలు రాత్రి నిద్ర, మరికొన్ని వారాలు పగటి నిద్ర. 2000లో అమెరికాలోని ఓరెగన్ పరిశోధకులు అటువంటి ఏడుగురికి ప్రతి రాత్రి ఒకే వేళకు మెలటోనిన్ ఇవ్వగా, ఆరుగురి గడియారాలు 24 గంటల దారికి వచ్చినవి. సూర్యుని పని మాత్ర చేసినది. అయితే అది సరియైన వేళకు ఇచ్చినందువలన చేసినది. సాయంకాలము ఇచ్చిన మెలటోనిన్ గడియారమును ముందుకు జరుపుతుంది. ఉదయము ఇచ్చినది వెనుకకు జరుపుతుంది. వెలుగు చేసే పనికి ఇది సరిగా తలక్రిందులు.

కుంగిన మనసుకు కాలముతో ఏమి పని?

కుంగుబాటు అనే వ్యాధిని దగ్గరనుండి చూచినవారికి ఒక సంగతి తెలుస్తుంది. ఆ దుఃఖమునకు వేళలున్నవి. కొందరికి తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకే మెలకువ వస్తుంది. ఆ వేళ గుండెమీద బండ పెట్టినట్లుంటుంది. సాయంకాలానికి ఆ బరువు కొంత తేలికపడుతుంది. మరికొందరికి, మా విద్యార్థి వలె, నిద్ర వెనుకకు వెనుకకు జరిగిపోతుంది. లోకమంతా లేచిన వేళ వారి శరీరములో ఇంకను అర్ధరాత్రియే నడుస్తూ ఉంటుంది.

1971లో జర్మనీలోని ట్యూబింగెన్ వైద్యులు మరొక ఆశ్చర్యకరమైన సంగతి ప్రకటించినారు. కుంగుబాటు రోగులను ఆస్పత్రిలో ఒక రాత్రంతా మేలుకొలిపి ఉంచితే, మరునాటికి వారిలో చాలమందికి మనసు తేటపడినది. దురదృష్టవశమున మరల నిద్రపోయి లేచేసరికి వెనుకటి దుఃఖమే తిరిగి వచ్చేది. ఇది ఇంట్లో ఎవరికివారు చేసికొనదగిన చికిత్స కాదు. కొందరికి ప్రమాదకరము కూడ. కాని మనస్సు యొక్క బరువునకు, శరీరము యొక్క కాలమునకు ముడి ఉన్నదని అది నిరూపించినది.

ఆ ముడిని విప్పే ప్రయత్నములో మెలటోనిన్ కథ ఎన్నో మలుపులు తిరిగినది. 1976లో అమెరికా వైద్యులు కుంగుబాటు రోగులు కొందరికి మెలటోనిన్‌ను పెద్ద మోతాదులలో ఇచ్చి చూచినారు. వారి స్థితి మెరుగుపడకపోగా మరింత చెడినది. 1980లో ఆల్‌ఫ్రెడ్ లూయీ అనే వైద్యుడు, రాత్రివేళ మిక్కిలి ప్రకాశవంతమైన వెలుగు చూపితే మనిషిలో మెలటోనిన్ ఊట ఆగిపోతుందని చూపినాడు. ఇంట్లో వెలిగే సాధారణ దీపము అందుకు చాలలేదు. 2,500 లక్స్ వెలుగు కావలసివచ్చినది. అప్పటికే ప్రతి చలికాలము కుంగిపోతున్న ఒక ఇంజనీరు, ఏండ్ల తరబడి తన మనసు ఎత్తుపల్లాలను తేదీలవారీగా వ్రాసిపెట్టుకొని, ఆ పుస్తకముతో ఈ పరిశోధకుల దగ్గరకు వచ్చి ఉన్నాడు. చలికాలపు ఉదయమునకు, సాయంకాలమునకు కృత్రిమముగా వెలుగు చేర్చి అతని పగటిని వేసవి పగలంత పొడిగించినారు. కొద్ది దినాలలో అతడు తేరుకున్నాడు.

దక్షిణాఫ్రికానుండి అమెరికాకు వచ్చి స్థిరపడిన నార్మన్ రోజెంతాల్ అనే వైద్యుడు 1984లో అటువంటి 29 మంది రోగులను వర్ణించి, ఆ వ్యాధికి ఋతుసంబంధమైన కుంగుబాటు అనే అర్థము వచ్చే పేరు పెట్టినాడు. హైదరాబాదులో చలికాలపు పగలు 11 గంటలు, వేసవి పగలు 13 గంటలు. రెండింటికి పెద్ద అంతరము లేదు. కాని స్కాట్లండు రాజధాని ఎడింబరోలో డిసెంబరు పగలు ఏడు గంటలే. మధ్యాహ్నము మూడున్నర దాటగానే సూర్యుడు క్రుంకుతాడు. చదువులకని అటువంటి దేశాలకు వెళ్ళిన మన పిల్లలు మొదటి చలికాలములో, ఏ పని మీదను మనసు నిలవడము లేదని ఫోను చేస్తే, అది ఇంటిమీద బెంగ మాత్రమేనని తల్లిదండ్రులు తీసివేయరాదు.

మొదట అందరు మెలటోనినే దోషి అనుకున్నారు. వెలుగు దానిని అణచివేస్తున్నది కాబట్టి మనసు బాగుపడుతున్నదని తలచినారు. కాని వెలుగు లేకుండ మందుతో దానిని అణచి చూడగా ఆశించిన మేలు కలుగలేదు. అప్పుడు లూయీ వేరొక విధముగా ఆలోచించినాడు. దోషము కబురులో లేదు, కబురు వచ్చే వేళలో ఉన్నది. చలికాలములో సూర్యోదయము ఆలస్యమైనకొద్ది రోగి లోపలి గడియారము వెనుకబడుతున్నది. కాని ఉద్యోగమునకు, బడికి అదే వేళకు లేవవలసివస్తున్నది. నిద్ర ఒక తాళములో, గడియారము ఒక తాళములో నడుస్తున్నవి. పాటగాడు ఒక గతిలో పాడుతుండగా మృదంగము మరొక గతిలో మ్రోగితే కచేరి ఏమగును? 2006లో లూయీ బృందము ప్రకటించిన పరిశోధనలో, గడియారము వెనుకబడినవారికి మధ్యాహ్నము మొదలుకొని కొద్దికొద్ది మోతాదులలో మెలటోనిన్ ఇవ్వగా గడియారము ముందుకు జరిగినది, కుంగుబాటు తగ్గినది. కొందరిలో గడియారము ముందుకు పోయి ఉన్నది. వారికి మాత్రము ఉదయమిచ్చిన మెలటోనిన్ మేలు చేసినది. 1976లో హాని చేసిన పదార్థమే ముప్పది ఏండ్ల తరువాత, కొద్దిపాటిగా, తగిన వేళకు ఇవ్వగా ఉపకారి అయినది. వైద్యుడు మా పిల్లవానితో చెప్పిన ఉత్తరము మాటకు అర్థము ఇది.

ఎంతవరకు నమ్మవచ్చును?

ఇంత చెప్పిన తరువాత ఒక హెచ్చరిక అవసరము. కుంగుబాటు రోగులందరికి గడియారము చెడి ఉండదు. పేదరికము, పరాభవము, ప్రియజన వియోగము, వంశములో వచ్చే దౌర్బల్యము, ఇతర శరీర వ్యాధులు, ఇవన్నియు కారణాలు కావచ్చును. మెలటోనిన్ ఒక్కటే కుంగుబాటును నయము చేస్తుందనడానికి తగినంత సాక్ష్యము లేదు. గడియారమును దిద్దడానికి, నిద్ర వేళను సరిచేయడానికి అది ఉపకరిస్తుంది. మెలటోనిన్ పోలికతో పనిచేసే అగోమెలటిన్ అనే మందును కుంగుబాటుకు వాడడానికి 2009లో ఐరోపా సమాజము అనుమతించినది. కాని దానిని వాడేవారికి కాలేయ పరీక్షలు తప్పనిసరి. అమెరికాలో మెలటోనిన్‌ను ఆహార పదార్థమువలె ఎవరైన కొనవచ్చును. 2017లో కెనడా పరిశోధకులు అటువంటి 31 రకాల సరుకును పరీక్షించగా, సీసామీద వ్రాసినదానికి, లోపల ఉన్నదానికి పొత్తు కుదరనివి చాల కనబడినవి. ఎనిమిదింటిలో సిరటోనిన్ కూడ కలసి ఉన్నది.

వెలుగు చికిత్సకు మాత్రము బలమైన ఆధారాలున్నవి. ఋతుసంబంధమైన కుంగుబాటుకు ఉదయము లేవగానే 10,000 లక్స్ దీపము ముందు అరగంట కూర్చుండడము అనేక దేశాలలో వాడుకలో ఉన్న చికిత్స. 2016లో కెనడాలో 122 మంది రోగులమీద జరిగిన పరిశోధనలో, ఋతువుతో సంబంధము లేని కుంగుబాటుకు కూడ వెలుగు మేలు చేసినది. వెలుగు, ఫ్లూఆక్సిటిన్ అనే మందు రెండును కలిపి ఇచ్చినప్పుడు మిక్కిలి మంచి ఫలితము కనబడినది. ఇటలీలోని మిలాన్ నగరములో ఒక ఆస్పత్రి రికార్డులను 2001లో పరిశీలించగా, ఉన్మాదము, కుంగుబాటు ఒకదాని తరువాత ఒకటిగా వచ్చే రోగులలో తూర్పు గదులలో పడుకున్నవారు పడమటి గదులవారికన్న సగటున మూడున్నర రోజులకు పైగా ముందుగా ఇంటికి వెళ్ళినారని తేలినది. ఆ గదులకు వచ్చిన వెలుగు, ఉదయపు ఎండ తప్ప వేరొకటి కాదు. అయితే ఉన్మాద లక్షణాలున్నవారికి, కంటిజబ్బులున్నవారికి తీవ్రమైన దీపపు వెలుగు హాని చేయవచ్చును కాబట్టి వైద్యుని సలహా లేక దానికి పూనుకొనరాదు.

మన దేశములో ఒక సౌకర్యమున్నది. చదువుకునే గదిలో వెలుగు రెండు, మూడు వందల లక్స్ మించదు. ఉదయము వాకిట్లోకి వచ్చి నిలబడితే, మబ్బు పట్టిన రోజున కూడ అది వేలలో ఉంటుంది. వేల రూపాయల దీపము చేసే పనిని మన వాకిలి ఉచితముగా చేసిపెడుతుంది.

మా విద్యార్థికి వైద్యుడు చెప్పినది కూడ ఇంచుమించు ఇదే. కుంగుబాటుకు మందు వ్రాసినాడు; వారమునకొకసారి వచ్చి మాటలాడమన్నాడు. దానితోపాటు, ఎప్పుడు నిద్రపోయినను ఒకే వేళకు లేవవలెనని, లేచిన వెంటనే అరగంట ఆరుబయట తిరగవలెనని, ఆ వేళను వారమునకు కొంచెము కొంచెముగా ముందుకు జరపవలెనని చెప్పినాడు. మెలటోనిన్‌ను చాల కొద్ది మోతాదులో, రాత్రి రెండు గంటలకు గాక సందెవేళ దాటగానే వేయించినాడు. రాత్రి తొమ్మిది తరువాత సెల్‌ఫోను తండ్రి దగ్గర ఉండవలెనన్నాడు. మొదటి రెండు వారాలు ఏ మార్పు లేదు. తండ్రికి ఓపిక నశించినది, నాకును నశించినది. మూడవ నెలలో ఒకనాడు మొదటి గంటకు, నాకన్న ముందే, వాడు తరగతిలో కూర్చొని ఉన్నాడు. వానిని బాగుచేసినది మందా, మాటలా, ఎండా అని నేను విడదీసి చెప్పలేను. అన్నియు కలసి చేసినవనియే నా నమ్మకము.

ఉపాధ్యాయులకు ఒక మాట

యౌవనములో అడుగుపెట్టిన పిల్లలలో లోపలి గడియారము సహజముగనే వెనుకకు జరుగుతుందని అమెరికాలో మేరీ కార్స్‌కడన్ వంటివారు నిరూపించినారు. చిన్నపిల్లలకు, పెద్దలకు నిద్ర వచ్చే వేళకు వారికి రాదు. ఇది వారి స్వభావము, పెంకితనము కాదు. ఈ కారణము చేతనే అమెరికా పిల్లల వైద్యుల సంఘము, పెద్ద తరగతుల బడులు ఉదయము 8.30కు ముందు మొదలుపెట్టవద్దని 2014లో సలహా ఇచ్చినది. కాలిఫోర్నియా రాష్ట్రములో ఆ దిశగా చేసిన చట్టము 2022లో అమలులోనికి వచ్చినది.

మన రెండు తెలుగు రాష్ట్రాలలోను పిల్లలను తెల్లవారుజామున ఐదు గంటలకే లేపి, రాత్రి పది, పదకొండు గంటలవరకు దీపాలక్రింద చదివించే వసతి కళాశాలలు ఉన్నవి. బ్రాహ్మీముహూర్తములో లేవమని మన పెద్దలు చెప్పలేదా అని కొందరు అడుగుతారు. చెప్పినారు. అయితే ఆ పెద్దలు దీపము పెట్టిన కొంతసేపటికే భోజనము ముగించి, తొలిజాములోనే పడుకునేవారు. మనము వారి లేచే వేళను పట్టుకొని, పడుకునే వేళను విడిచిపెట్టినాము. ఒక చరణము తీసివేసి పద్యమును చదివినట్లున్నది మన ఆచారము.

వ్యవస్థ మారేవరకు మనము చేయగల చిన్న పనులున్నవి. ఎప్పుడును ఆలస్యముగా వచ్చే పిల్లవానిని మందలించే ముందు, నిద్ర ఎట్లు పడుతున్నదని ఒక్క మాట అడగవచ్చును. మొదటి గంటలో ఒక పావుగంట పాఠము చెట్టుక్రింద చెప్పవచ్చును. పిల్లవాడు తన బ్రతుకు బరువని, తాను లేకపోతే మేలని ఎవరితోనైన అన్నట్లు తెలిస్తే మాత్రము ఎండ, నిద్ర అని కాలయాపన చేయరాదు. ఆ దినమే వైద్యుని దగ్గరకు తీసికొనిపోవలెను. 14416 అనే సంఖ్యకు ఫోను చేస్తే, 2022లో ప్రారంభమైన టెలి మానస్ సేవ ద్వారా ఏ వేళనైన, తెలుగులోనే, ఉచితముగా సలహా లభిస్తుంది.

చివరగా నాకు మిక్కిలి నచ్చిన ఒక పరిశోధనను చెప్పి ముగిస్తాను. అది మన దక్షిణ దేశములో, మధురై కామరాజ విశ్వవిద్యాలయములో, ఎం.కె. చంద్రశేఖరన్ బృందము చేసినది. గుహలో ఎప్పుడును చీకటియే. అందులో ఒక గబ్బిలమును పంజరములో ఉంచినారు. దానికి సూర్యుడు కనబడడు. అయినను తక్కిన గబ్బిలాలు సందెవేళ గుంపుగా బయలుదేరి వెళ్ళి తిరిగి వస్తూ ఉన్నంతకాలము, ఈ పంజరములోని గబ్బిలము కూడ వేళ తప్పలేదు. తోడివారు లేని గుహలో ఒంటరిగా ఉంచినప్పుడు దాని కాలము జారిపోయినది. 1981లో ఈ ఫలితము ప్రకటితమైనది. సూర్యుడు కనబడని చోట తోడివారే కాలమును చెప్పుతారన్న మాట. కుంగిన మనిషి మొదట చేసే పని గదిలో తలుపు వేసికొనడము. వెలుగు పోతుంది, తోడు పోతుంది. కాలమును చెప్పేవారు ఇద్దరును ఒక్కసారే దూరమవుతారు. అటువంటివానిని ఒకే వేళకు భోజనానికి పిలిచేవారు, ఒకే వేళకు నడకకు రమ్మనేవారు చేసేది ఉపచారము మాత్రమే కాదు, చికిత్సలో ఒక భాగము.

మన తెలుగులో పొద్దు అంటే సూర్యుడు. పొద్దు అంటే కాలము కూడ. పొద్దు పొడిచినది అంటాము, పొద్దు పోవడము లేదు అంటాము. శాస్త్రజ్ఞులు గుహలలో దిగి, ఈగలను పెంచి, కణాలను చీల్చి కనుగొన్న సంబంధమును మన భాష ఒక్క మాటలో దాచిపెట్టినది. తెలుగు పాఠము చెప్పే నాకు అది ముందే తట్టవలసినది. తట్టలేదు.

ఆ పిల్లవాడు ఇప్పుడు ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయుడు. మొన్న సంక్రాంతి సెలవులలో వచ్చినప్పుడు, "మాష్టారూ, మా తరగతిలో ఒక పిల్ల రోజూ ఆలస్యముగా వస్తున్నది. ఏమీ అనలేదు. పక్కకు పిలిచి, రాత్రి నిద్ర పడుతున్నదా అమ్మా అని అడిగినాను" అన్నాడు. ఇద్దరము నిద్రగన్నేరు క్రింద నిలబడి ఉన్నాము. సందె వాలుతున్నది. మా తలలమీద ఆకులు ఒక్కొక్కటిగా ముడుచుకుంటున్నవి.